మీసాల బ్యాండు, మా పెదనాన్న టేపురికార్డరు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి ఇటుకంత బరువున్న పార్సిలు వచ్చింది. తెచ్చినతను ఓటీపీ చెప్పమన్నాడు. నా ఫోనుకు ఏమీ రాలేదు. మళ్ళీ పంపమంటే పంపానన్నాడు. ఎండలో గుమ్మం ముందు నిలబడి ఇద్దరం చెరొక ఫోను వంక చూస్తూ ఉండగా అది కాస్తా మావారి ఫోనుకు వచ్చింది. ఆయన స్నానాల గదిలో ఉన్నారు. ఆయన బయటికి వచ్చి, కళ్ళజోడు వెతుక్కుని, ఆరంకెలూ కూడబలుక్కుని చదివేసరికి పావుగంట పట్టింది. ఇంత తతంగం అయ్యాక పెట్టె విప్పితే లోపల నా పద్దెనిమిదేళ్ళ వయసులో నేను పిచ్చెక్కినట్టు విన్న పాటలున్నాయి.

పంపింది అనూష. తెనాలి కాలేజీలో నా దగ్గర బోటనీ చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటోంది. చిన్నతనంలో నాకు ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండంటే ప్రాణమని నేనెప్పుడో పాఠం మధ్యలో చెప్పానట. బోటనీ పాఠంలోకి ఆ మాట ఎలా వచ్చిందో నాకు గుర్తులేదు. ఆ అమ్మాయికేమో పాఠం గుర్తులేదు, ఆ మాట ఒక్కటే గుర్తుంది. ఆ బ్యాండువాళ్ళ పాత ఆల్బములు అయిదింటినీ శుభ్రం చేసి, కొత్త అట్టలు వేసి మళ్ళీ విడుదల చేశారని తెలిసి నాకోసం తెప్పించింది. బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాస్తే తెలిసినవాళ్ళు నాకు పరీక్ష పెడతారు, తెలియనివాళ్ళు ఫోనులో వెతికి విని, ఇదేం పాటండీ అంటారు. రెంటికీ నాకు ఓపిక లేదు. అప్పట్లో నేనూ నా కాలేజీ నేస్తమూ మటుకు వాళ్ళని మీసాల బ్యాండు అనేవాళ్ళం. క్యాసెట్టు అట్ట మీద నలుగురు మనుషులు, నలుగురికీ బుగ్గలదాకా మీసాలు. పేరేమో కాకరతీగ చుట్టుకున్నట్టుండే అక్షరాలతో రాసి ఉండేది. తలకిందులుగా పెట్టి కూడా చూశాం, చదవలేకపోయాం.

టీవీ కింద పాత డీవీడీ ప్లేయరు ఒకటి ఇంకా పనిచేస్తోంది. అందులో మొదటి సీడీ పెట్టి, ఫ్యాను తగ్గించి, మావారిని కాసేపు మాట్లాడొద్దని చెప్పి కూర్చున్నాను. పాట మొదలైన అరనిమిషానికే నాకు చిరాకు మొదలైంది. వాద్యాలన్నీ విడివిడిగా, కడిగి బోర్లించిన స్టీలు గిన్నెల్లా తళతళలాడుతూ వినబడుతున్నాయి. అది సరే అనుకున్నాను. ఆ తర్వాత పాడేవాడు గొంతెత్తాడు. ఆ గొంతు ఎవరిదో నాకు అర్థం కాలేదు. నాకు తెలిసిన గొంతు బావిలోంచి వచ్చినట్టు లోతుగా, బరువుగా, బోలెడు కష్టాలు పడి వచ్చిన నడివయసు మనిషి గొంతులా ఉండేది. ఇది నిన్నగాక మొన్న మీసాలొచ్చిన కుర్రాడి గొంతు. పాట కూడా ఏదో బస్సు వెళ్ళిపోతున్నట్టు గబగబా నడుస్తోంది. రెండోది పెట్టాను. అదీ అంతే. మూడో సీడీ పెట్టేసరికి మావారు పేపరు మడిచి, "ఏంటి రాజ్యం, వీళ్ళకోసమా నువ్వు ఇన్నాళ్ళు మన సినిమా పాటల్ని తీసిపారేసింది?" అన్నారు. నేను నాలుగో సీడీ తీశాను.

పెట్టెలో ఒక పుస్తకం కూడా ఉంది. నూటపాతిక పేజీలు. ఏ గిటారుకు ఏ తీగలు వాడారు, ఏ పాట ఏ ఊళ్ళో ఏ వంటగదిలో పుట్టింది, ఎవరు ఎవరితో ఎందుకు విడిపోయారు, అన్నీ రాశారు. ఒక్కొక్క ఆల్బము చివర ఇంతకు ముందు వినని పాటలంటూ నాలుగైదు తగిలించారు. వాటిలో సగం అవే పాటలు, మధ్యలో ఎవరో దగ్గుతారు, మళ్ళీ మొదలుపెడతారు. దగ్గు కూడా అపురూపమేనని పుస్తకంలో ఒకాయన రెండు పేజీలు రాశాడు. నాకు ఒళ్ళు మండింది. రెండో ఆల్బము రెండో వైపు అయిపోయాక ఏముండేదో నాకు తెలుసు. అక్కడ ఈ దగ్గు లేదు. అక్కడ వేరే గొంతు ఒకటి ఉండేది. అది ఈ బ్యాండువాళ్ళది కాదు, అసలు ఇంగ్లీషే కాదు. దాని సంగతి చెప్పాలంటే బాపట్లలో మా పెదనాన్న ఇంటి దగ్గర్నుంచి చెప్పుకు రావాలి.

మాది చుండూరు దగ్గర పల్లెటూరు, వరి వ్యవసాయం. ఇంటరు అయ్యాక డిగ్రీ చదువుకు నన్ను బాపట్లలో పెదనాన్న ఇంట్లో పెట్టారు. ఆ ఇంటి రోజు పెదనాన్న గొంతు సవరించుకోవడంతో మొదలయ్యేది. ఆయనకు ధాన్యం వ్యాపారం పేరుకే, అసలు వ్యాపకం పద్యనాటకాలు. కాఫీ డికాషన్ దిగేలోపు ఒక పద్యం, పళ్ళు తోముకుంటూ ఒక పద్యం, పాలేరు మీద కోప్పడుతూ మధ్యలో ఒక రాగం. పెద్దమ్మ అవేమీ వినిపించుకోకుండా కాఫీగింజలు చేత్తో తిప్పే మరలో వేసి తిప్పేది. ఆ మర చప్పుడు, పద్యం, వంటింట్లోంచి పోపులో వెల్లుల్లి వాసన, పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగే స్నానాల నీళ్ళ పొగ, ఇవన్నీ కలిసి నాకు తెల్లవారేది. ఇప్పుడు మా ఇంట్లో తెల్లవారడమంటే మావారి ఫోనులో భక్తి పాట, దాని మధ్యలో సిమెంటు ప్రకటన.

ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ మర్యాద టేపురికార్డరుకు జరిగేది. మద్రాసులో ఒక పెద్ద షాపులో స్వయంగా ఎంచి తెచ్చానని పెదనాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. దానికి పెద్దమ్మ చేత కుట్లు వేయించిన గుడ్డ ముసుగు, ముసుగు మీద ఒక కుచ్చు. పగలు రెండు గంటలవేళ పెదనాన్న గోడౌనుకు వెళ్ళాక దాన్ని వాడుకునే హక్కు నాకు ఇచ్చారు. కాలేజీలో చదివే పిల్ల ఇంగ్లీషు పాఠాల క్యాసెట్లు వింటుందని ఆయన ఉద్దేశం. నేను విన్నది ఇంగ్లీషే కాబట్టి అబద్ధమాడినట్టు కాదని నా ఉద్దేశం.

ఆ క్యాసెట్లు నాగేశ్వరివి. నాగేశ్వరిది నిజాంపట్నం, సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. వాళ్ళ పేటలో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి ఆడపిల్ల తనే. హాస్టల్లో ఉండేది, క్లాసులో నా పక్కన కూర్చునేది, నా కంటే బాగా చదివేది. వాళ్ళ అన్న రాములు విదేశీ ఓడలో పనికి కుదిరి, మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఒక టేపురికార్డరు, మీసాల బ్యాండు క్యాసెట్లు రెండు తెచ్చాడు. రెండోసారి ఓడెక్కాక వాళ్ళమ్మకు ఉత్తరం రాయడం మానేశాడు. ఆవిడకు చదువు రాదు, ఉత్తరం చదివించుకోవడానికి ఎవర్నో బతిమాలుకోవాలి. అందుకని ఆ రెండు క్యాసెట్లలో ఒకదాన్ని తనతో తీసుకువెళ్ళి, రెండో వైపు పాటలైపోయాక మిగిలిన టేపు మీద తన మాటలు రికార్డు చేసి, ఊరికి వస్తున్న తోటి పనివాడి చేత పంపించాడు. అయిదారు నిమిషాల మాట. నేను బాగున్నాను, ఇక్కడ అన్నం ముద్దగా ఉడకదు, చెల్లిని చదువు మానిపించొద్దు, అమ్మా నువ్వు ఎండలో తిరగొద్దు, ఇలాంటివి. వాళ్ళ పేటలో కరెంటు ఉండీ లేనట్టే, బ్యాటరీలేమో నాలుగు రోజులకు అయిపోయేవి. అందుకని క్యాసెట్లు నాగేశ్వరితో బాపట్ల వచ్చి మా ఇంట్లోనే ఉండేవి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా తీసుకువెళ్ళి వాళ్ళమ్మకు వినిపించి మళ్ళీ తెచ్చేది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. ఊరినుంచి వచ్చిన వారమైతే చేతిలో ఎండు నెత్తళ్ళ పొట్లం ఉండేది. పెద్దమ్మ ఆ పొట్లం చూడగానే ముఖం వికసించి, అప్పటికప్పుడు చింతకాయ వేసి కూర మొదలుపెట్టేది. ఆ కూర మేమందరం వంటింట్లో పీటల మీద కూర్చుని తినేవాళ్ళం, నాగేశ్వరికి వరండాలో విస్తరి వేసేవాళ్ళు. మంచినీళ్ళకు వేరే గ్లాసు, అది కిటికీ పట్టె మీద ఉండేది. చేప లోపలికి వచ్చేది, చేప తెచ్చిన మనిషి రాకూడదు. ఇది ఇప్పుడు రాస్తుంటే నాకు కోపం వస్తోంది. అప్పుడు రాలేదు. అప్పుడు నేను కూర బాగుందని ఇంకొంచెం వేయించుకున్నాను.

భోజనమయ్యాక టేపురికార్డరు వరండాలోకి తెచ్చేదాన్ని. ఒక నోటుబుక్కు పెట్టుకుని పాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. ఇద్దరికీ ఆ ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు, కాని ఎవరికి వినబడిందే సరైనదని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఒక పాటలో పల్లవి నాకు "రమ్మనవే" అని వినబడేది, తనకు "అమ్మను పో" అని వినబడేది. నెల రోజులు దెబ్బలాడుకున్నాం. ఇప్పుడు పెట్టెలో వచ్చిన పుస్తకంలో చూస్తే రెండూ కాదు, అదేదో నది పేరు. పాటలైపోగానే నాగేశ్వరి చెయ్యెత్తి, "ఇక మా అన్న" అనేది. ఇద్దరం నోరు మూసుకుని రాములు మాట వినేవాళ్ళం. అది ఎన్నిసార్లు విన్నా తను చివరిదాకా కదిలేది కాదు.

ఒక విషయంలో మటుకు మాకు తెగని తగువు ఉండేది. "మీ మిషను నెమ్మదిగా తిరుగుతుందే రాజ్యం" అనేది నాగేశ్వరి. "మా ఇంట్లో పెడితే వీడి గొంతు ఇంత లావుగా ఉండదు. పాట గబగబా పోద్ది."

"మీ ఇంట్లో బ్యాటరీలు అరిగిపోయి ఉంటాయిలే" అనేదాన్ని.

"అరిగిపోతే నెమ్మదిగా పోవాలి గాని గబగబా ఎందుకు పోద్దే? సరే, పాట సంగతి వదిలెయ్. మా అన్న గొంతు నాకు తెలీదా? మా అన్నది ఇంత లావు గొంతు కాదు."

"ఓడ మీద చలిగాలికి జలుబు చేసుంటుంది" అన్నాను నేను.

ఇంత మొండిగా ఎలా మాట్లాడానా అని ఇప్పుడు తల పట్టుకుంటాను. తోడబుట్టినవాడి గొంతు ఎలా ఉంటుందో తనకు తెలియదని, నాకు తెలుసని, ముఖాముఖి చెప్పాను. ఎందుకంటే అది మద్రాసు పెద్ద షాపులో కొన్న మిషను. మా పెదనాన్నది. దానికి ముసుగుంది, కుచ్చుంది. వాళ్ళదేమో ఏదో రేవులో ఓడ దిగిన కుర్రవాడు కొన్నది. నేను ఈ మాటలు పైకి అనలేదు. అననక్కర్లేకుండానే తనకు అర్థమైంది, క్యాసెట్టు తిప్పి పెట్టింది.

మూడో ఏడు పరీక్షలకు ముందు ఒక శనివారం సాయంత్రం పెదనాన్న స్నేహితుడు హార్మోనియం మాస్టారు తెనాలి నుంచి వచ్చాడు. ఆయన వాయిస్తుంటే తన పద్యం రికార్డు చేసుకోవాలని పెదనాన్నకు ముచ్చట పుట్టింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. మాస్టారికి ఏడు గంటల బండి ఉంది. పెదనాన్న అలమారలోంచి నాగేశ్వరి క్యాసెట్టు తీసి, "అమ్మాయ్, ఇందులో ఎక్కడైనా ఖాళీ ఉందా?" అని అడిగారు.

లేదని చెప్పి ఉంటే సరిపోయేది. నేను చెప్పలేదు. ఆయన నన్ను ఒక పని అడిగారన్న సంబరంలో, "రెండో వైపు చివర్లో ఉంది పెదనాన్నా" అన్నాను. రాములు మాట అయ్యాక ఇంకో నాలుగు నిమిషాల ఖాళీ టేపు ఉండేది, అది నా మనసులో ఉంది. పెట్టి విని చూసుకునే తీరిక లేదు. మాస్టారు శ్రుతి పెట్టేశాడు. పెన్సిలు దూర్చి, టేపు మందం కంటితో చూసి, ఇక్కడికి మాటలైపోయి ఉంటాయని అంచనా వేసి తిప్పి ఇచ్చాను. పెదనాన్న క్యాసెట్టు అంచున, ఎవరూ చెరపకుండా ముందే విరిచేసి ఉన్న కన్నంలో కాగితం ముక్క కుక్కి, ఎర్ర బొత్తాం నొక్కి, కళ్ళు మూసుకుని పాడారు. చాలా బాగా పాడారు.

మర్నాడు నాగేశ్వరి వచ్చింది. వరండాలో కూర్చుంది. చివరి పాట అయింది. ఎప్పటిలాగే చెయ్యెత్తి, "ఇక మా అన్న" అంది. హార్మోనియం బుస్సుమంది. ఆ వెనకే మా పెదనాన్న ఆకాశమంత రాగం అందుకున్నారు. అలా వస్తుందని అనుకోకపోవడం వల్లో, చేసిన తప్పు ఒక్కసారిగా తెలియడం వల్లో, నేను నవ్వాను. నోరు చేత్తో మూసుకున్నా ఆగలేదు. లోపల్నుంచి పెద్దమ్మ కూడా నవ్వి, "పోనీలేమ్మా, ఆ గోల పోతే పోయింది, పద్యమైనా మిగిలింది" అంది. నాగేశ్వరి బొత్తాలు ముందుకీ వెనక్కీ నొక్కి వెతికింది. పద్యం అయ్యాక చిట్టచివర రాములుది ఒక్క మాట మిగిలింది. "ఉంటాను మరి." దాన్ని రెండుసార్లు విని, రెండు క్యాసెట్లూ సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. గేటుదాకా నేను వెళ్ళలేదు. సోమవారం క్లాసులో వేరే బెంచీలో కూర్చుంది. పరీక్షలయ్యాయి. తను నిజాంపట్నం వెళ్ళిపోయింది, నేను పైచదువుకు వెళ్ళాను. పెదనాన్న నేరమేనని నేనూ అందరితో అన్నాను. ఆయన కూడా పోయేదాకా అలాగే అనుకున్నారు.

తన ఇల్లు ఎక్కడో తెలియక వెళ్ళలేదని చెప్పుకోవడానికి వీల్లేదు. తెనాలినుంచి రేపల్లెకు రైలుంది, అక్కణ్ణించి బస్సుంది. ఎండుచేపల వ్యాపారం చేస్తోందని, ఐసు ఫ్యాక్టరీలో వాటా ఉందని, పాతికమందికి పనిస్తోందని తెలిసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. నేను ఆ పాటలు మటుకు ఎక్కడ దొరికితే అక్కడ వెతుక్కున్నాను. ఎన్నడూ దొరకలేదు. ఆ లోతు గొంతుని బుర్రలోనే మోసుకు తిరిగాను. ఆ తర్వాత వచ్చిన పాటలన్నీ దానితో పోల్చి కొట్టిపారేశాను. పిల్లలకు చెప్పాను, అనూషలాంటి శిష్యులకు చెప్పాను.

మరి ఈ పెట్టెలోని గొంతు ఎవరిది? అనూషకు ఫోను చేసి, కంపెనీవాళ్ళు పాటల్ని పాడుచేశారు, వేగం పెంచారు, ఫిర్యాదు రాస్తానని చెప్పాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, మర్నాడు తిరిగి చేసింది.

"మేడమ్, మా ఆఫీసులో ఒకాయన దగ్గర మొదట్లో వచ్చిన పాత రికార్డే ఉందండి. పక్కపక్కన పెట్టి విన్నాం. వేగం ఏమీ మార్చలేదండి. మొదట్నుంచీ ఇంతే."

"ఇంతే ఎలా అవుతుందమ్మా? నేను విన్నాను కదా."

"మీరు విన్న టేపురికార్డరు బెల్టు సాగిపోయి ఉంటుందేమో మేడమ్. అప్పుడు నెమ్మదిగా తిరిగి గొంతు లావుగా వస్తుందండి."

ఫోను పెట్టేసి సీడీలన్నీ తిరిగి పెట్టెలో సర్దాను. నేను జీవితమంతా ఆరాధించిన గొంతు లోకంలో ఎవరిదీ కాదు. మా పెదనాన్న మిషను బెల్టుది. ఈ మాట నాకు ఒక మనిషి ఎప్పుడో చెప్పింది, సాక్ష్యంతో సహా చెప్పింది. మర్నాడు పొద్దున్నే పెట్టెను సంచిలో పెట్టుకుని రేపల్లె బండి ఎక్కాను. ఎక్కడికని మావారు అడిగితే, "చేపలకి" అన్నాను.

నిజాంపట్నం రేవు దగ్గర బస్సు దిగి పేరు చెబితే ఆటో అతను అడ్రసు కూడా అడగలేదు. "మన నాగేశ్వరమ్మగారేనా పిన్నీ, రండి" అని తీసుకెళ్ళి ఒక పెద్ద ఆవరణ ముందు దింపాడు. వెదురు బల్లల మీద వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ళు ఎండబెట్టారు. ఆడవాళ్ళు వరసల మధ్య తిరుగుతూ వాటిని తిప్పుతున్నారు. వాళ్ళ మధ్య తలకు తువ్వాలు చుట్టుకుని, నాకంటే నిటారుగా నిలబడ్డ మనిషి నావైపు తిరిగింది. గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు. నాకే కాస్త పట్టింది.

"ఏంటి రాజ్యం, దారి తప్పావా?" అంది.

"నీకోసమే వచ్చాను."

"ఎవరైనా పోయారా?"

"లేదు. పాటలు తెచ్చాను."

సంచిలోంచి పెట్టె తీశాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుని అట్ట మీది మీసాలవాళ్ళని చూసింది. నవ్వలేదు గాని పెదవి కొంచెం కదిలింది. "రా, కార్లో సీడీ ఆడుద్ది" అంది. చెట్టు కింద ఆపిన పాత కారులో ఇద్దరం ముందు సీట్లలో కూర్చున్నాం. రెండో ఆల్బము పెట్టాను. కుర్రాడి గొంతు సన్నగా, గబగబా మొదలైంది. పాట సగమైనా కాకముందే నాగేశ్వరి నావైపు తిరిగింది.

"ఇదే. మా ఇంట్లో ఇలాగే ఉండేది."

"అవును" అన్నాను. "మా మిషనే తప్పు. నువ్వు చెప్పింది నిజం."

"ఈ ముక్క చెప్పడానికి ఇంత దూరం వచ్చావా?"

"ఇది కాదు. ఇంకొకటుంది." పాట సౌండు తగ్గించాను. "మీ అన్న మాట చెరిపింది మా పెదనాన్న కాదే. ఖాళీ ఉందని చెప్పింది నేను. పెన్సిలుతో తిప్పి ఇచ్చింది నేను. తప్పుగా తిప్పాను."

"తెలుసు."

"ఎలా?"

"పాట ఎక్కడైపోద్దో, మా అన్న ఎక్కడ మొదలెడతాడో మీ పెదనాన్నకి ఎలా తెలుస్తుందే? ఆ ఇంట్లో అది తెలిసింది నీ ఒక్కదానికే." కారు అద్దంలోంచి బయట పనివాళ్ళను చూస్తూ మాట్లాడుతోంది. "దానికి నేనేం బాధపడలా. అన్న మరుసటి నెలలోనే వచ్చాడు. ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని మాట్లాడి మాట్లాడి మా చెవులు తినేశాడు. ఇప్పటికీ తింటున్నాడు, అదిగో ఐసు ఫ్యాక్టరీ దగ్గర. మీ పెదనాన్న పద్యం మా ఇంట్లో పెడితే పిచిక కూసినట్టుండేది. మా అమ్మ పడీపడీ నవ్వేది. పోయేదాకా అడిగి పెట్టించుకునేది."

"మరి నాతో ఎందుకు మాట్లాడలేదు?"

"నువ్వు నవ్వావు."

నేను ఒళ్ళో ఉన్న పెట్టె మూత మూశాను.

"మీ పెద్దమ్మ నవ్వితే నాకేంటి? వరండాలో విస్తరి, వేరే గ్లాసు, అవన్నీ నాకు అలవాటే. నువ్వు నవ్వడం అలవాటు లేదు. నా ఎదురుగా, మా అన్న మాట పోయిందని తెలిసి కూడా నవ్వావు. ఇంటికెళ్ళే దారంతా అదే. ఇప్పుడు కూడా నిన్ను చూడగానే ముందు అదే గుర్తొచ్చింది."

క్షమించమని అడగాలని ఇంటి దగ్గర్నుంచి కూడబలుక్కుని వచ్చిన మాటలు ఉన్నాయి. మొదలుపెట్టాను. రెండో మాట దగ్గర ఉండగానే వెలుతురు తగ్గింది. దక్షిణంగా సముద్రం మీద మబ్బు కమ్ముకుని వస్తోంది. నాగేశ్వరి కారు తలుపు తోసుకుని దిగి, "ఎత్తండమ్మా, ఎత్తండి, వానొచ్చేస్తంది" అని కేకేసింది. పనివాళ్ళు తట్టలు పట్టుకుని పరిగెత్తారు. ఒక్క తడుపు తడిస్తే ఆ రోజు సరుకంతా పాడే. నేను కారులో కూర్చుని చూస్తున్నాను. వెనక పాట వస్తూనే ఉంది. నాగేశ్వరి వెనక్కి తిరిగి, నేను అలాగే కూర్చుని ఉండటం చూసి విసుక్కుంది. "ఏంటి అలా చూస్తావ్? ఆ చివరి వరస ఎవరు తీస్తారు?"

దిగాను. కొంగు బొడ్లో దోపుకుని ఆ వరస అందుకున్నాను. రెండు చేతులా చేపల్ని తోసి తట్టలో నింపి షెడ్డులోకి మోయాలి. మూడో తట్టకు నడుము పట్టేసింది. నాలుగో తట్టకు నాగేశ్వరి వచ్చి ఒక అంచు పట్టుకుంది. ఇద్దరం మోసుకెళ్ళి కుమ్మరించాం, మళ్ళీ వచ్చాం. చినుకులు పడే వేళకు చివరి బల్ల ఖాళీ అయింది. షెడ్డులో అందరితోపాటు కింద కూర్చుని టీ తాగాను. నా క్షమాపణ పూర్తి కాలేదు. తను దాన్ని పూర్తి చేయమనీ అడగలేదు, వద్దనీ అనలేదు. బయల్దేరేటప్పుడు పెట్టె ఆమె చేతికిచ్చాను. తీసుకుని, "మొత్తం విని చెబుతాలే, బాగోకపోతే బాగోలేదనే చెబుతాను" అంది. అంతకన్నా నాకు ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదని, ఇవ్వాల్సిన పని కూడా లేదని అర్థమై బస్సెక్కాను.

రేపల్లెలో సాయంత్రం బండి ఖాళీగానే ఉంది. ముగ్గురు పట్టే సీటులో కిటికీ పక్కన కూర్చున్నాను. భట్టిప్రోలులో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుని, రెండు నిమిషాలు కాగానే లేచి ఎదుటి వరసలోకి మారింది. నా సంచి అడ్డమైందేమోనని ఒళ్ళోకి తీసుకుని, "రండమ్మా, చోటుంది" అన్నాను. "పర్లేదండి" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తర్వాత కాలేజీ పిల్లలిద్దరు వచ్చి, కూర్చోబోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ముందుకు వెళ్ళిపోయారు. అప్పుడు నా చీర వైపు చూసుకున్నాను. దానికీ, ముంజేతుల దాకా నా చేతులకీ చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. ముప్పై అయిదేళ్ళు ఉద్యోగం చేశాను. ఇదే బండి ఎన్నిసార్లు ఎక్కినా ఎవరో ఒకరు లేచి, కూర్చోండి మేడమ్ అన్నవాళ్ళే. నాగేశ్వరి పొట్లం పట్టుకుని మూడేళ్ళపాటు బాపట్ల బస్సు ఎక్కి వచ్చింది. ఎలా వచ్చావు, దారిలో చోటు దొరికిందా అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. వేమూరు దాటింది. జంపని దాటింది. ఆగినచోటల్లా జనం ఎక్కి, రైలుపెట్టె నిండి, నడవలో కూడా నిలబడ్డారు. తెనాలి వచ్చేదాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు.